మన కుళాయి నీళ్ల వెనకున్న అడవి

అందరికీ నమస్కారం. నీలగిరి చెట్టు అనగానే మనలో చాలామందికి ఖమ్మం వైపు జామాయిల్ తోటలే గుర్తొస్తాయి. వరసగా సన్నటి చెట్లు, కింద ఎండిన ఆకులు. నాకూ అంతే తెలుసు. మెల్‌బోర్న్ వచ్చాక ఒకరోజు హీల్స్‌విల్ ఊరు దాటి మేరీస్‌విల్ అనే ఊరి వైపు కొండెక్కాను. కారు దిగి తలెత్తితే చెట్టు చివర కనపడలేదు. దాని పేరు మౌంటెన్ యాష్. అదీ నీలగిరి రకమే! టాస్మేనియా దీవిలో సెంచూరియన్ అని పేరు పెట్టిన ఇదే రకం చెట్టయితే దాదాపు 100 మీటర్లుంది.

తడి అడవి అంటే ఏమిటో అక్కడ తెలిసింది. ఆ కొండల్లో చాలాచోట్ల ఏడాదికి 1200 మిల్లీమీటర్ల పైనే వాన, చలికాలంలో పైన మంచు. మొదళ్ల దగ్గర మనిషిని మించిన ఫెర్న్ చెట్లు. మానుల నుంచి బెరడు పొడవాటి పేలికలుగా వేలాడుతుంటుంది. ఎక్కడో లైర్ పిట్ట అడవిలోని ఎన్నో పక్షుల గొంతులు ఒక్కటే పలుకుతుంటుంది.

జామాయిల్ నరికితే మోడు నుంచి పిలకలొస్తాయని మన రైతులకు తెలుసు. మౌంటెన్ యాష్‌కి ఆ శక్తి దాదాపు లేదు. పెద్ద మంట వస్తే చచ్చిపోతుంది. దాని ఆశంతా కొమ్మల చివర కాయల్లో ఉంటుంది. ఒక కాయ అరచేతిలో పెట్టుకు చూశాను. శనగగింజంత ఉంది. లోపలి విత్తనాలు నువ్వుగింజకి మించవు. మంట వేడికి ఎండి కాయలు విచ్చుకుంటాయి, విత్తనాలు బూడిదలో రాలుతాయి, హెక్టారుకు లక్షల్లో మొలకలొస్తాయి. కానీ ఆ మొలకలు మళ్లీ సరిపడా కాయలు కాయాలంటే ఇరవై ఏళ్లు పడుతుంది. ఈలోగా ఇంకో మంట వచ్చిందా, విత్తనమే ఉండదు, అక్కడ తుమ్మజాతి పొదలు మిగులుతాయి. నాకు భయం అక్కడే. 1939 జనవరి 13న ఈ కొండలు తగలబడ్డాయి, 2009 ఫిబ్రవరి 7న మళ్లీ.

మెల్‌బోర్న్‌లో మన కుళాయి నీళ్లలో ఎక్కువ భాగం ఈ కొండల మీద కురిసిందే. ముదురు అడవి నీళ్లు తక్కువ తాగి వాగులకి వదులుతుంది. మంట తర్వాత ఎదిగే లేత అడవి విపరీతంగా తాగేస్తుంది. వాగు కోలుకోవడానికి వందేళ్లకు పైగా పడుతుంది.

ఈ అడవిని నమ్ముకున్నవాళ్లు ఇంకొకరున్నారు. లెడ్‌బీటర్స్ పోసమ్, చెట్ల మీద బతికే గుప్పెడంత జంతువు. అంతరించిపోయిందనుకుంటే 1961లో మేరీస్‌విల్ దగ్గర కనపడింది. అది ముసలి మాను తొర్రలోనే కాపురముంటుంది. అలాంటి తొర్ర పడాలంటే చెట్టుకి 120 ఏళ్లయినా నిండాలి. 2024 నుంచి మన విక్టోరియా రాష్ట్రంలో ప్రభుత్వ అడవుల్లో కలప కోసం నరకడం ఆపేశారు, చాలా సంతోషం. కానీ 1939 మంట తర్వాత మొలిచిన చెట్లకి ఇంకా తొంభై నిండలేదు. మరో ముప్పై ఏళ్లు అవి మంట పడకుండా నిలవాలి.