గింజలోపలి కాపురం

శ్రోతలకు నమస్కారం. గరిసె మూత తీయగానే ఎండుగడ్డి రంగు చిన్న చిలుకలు గుప్పున లేచి ముఖానికి తగలడం, వడ్లు నిల్వ చేసుకునే ఇళ్లలో అందరూ ఎరిగినదే. అదే వడ్ల చిలుక. శాస్త్రీయ నామం సిటోట్రోగా సీరియలెల్లా. రెక్కలు చాపితే సెంటీమీటరు, మహా అయితే ఒకటిన్నర. వెనుక రెక్కల కొన సన్నగా సాగి, అంచు పొడవునా వెంట్రుకల కుచ్చు ఉంటుంది.

కనబడేది కాబట్టి తిట్లన్నీ దీనికే. నిజానికి ఇది ధాన్యం జోలికే పోదు. వారం, పది రోజులు బతికి, గుడ్లు పెట్టి రాలిపోతుంది. తినేదల్లా దీని పిల్ల.

గింజల మీద పెట్టిన గుడ్లు మొదట తెల్లగా ఉండి, క్రమంగా ఎర్రబడతాయి. కొన్ని రోజులకు బయటపడే పురుగు కంటికి ఆనదు. పొట్టులో ఎక్కడ పగులు దొరికితే అక్కడ దూరుతుంది. ఇక దాని తిండీ తిప్పలూ అన్నీ ఆ ఒక్క వడ్లగింజలోనే. పైకి గింజ నిక్షేపంగా ఉంటుంది. నీళ్లలో వేస్తే మాత్రం తేలుతుంది!

నాకు అబ్బురమనిపించేది ఆ తర్వాతి పని. రెక్కలు వచ్చాక చిలుకకు కొరికే దవడలు ఉండవు. గట్టి గింజలోంచి బయటపడడం ఎలా? ఆ ఏర్పాటు పురుగే ముందుగా చేసి పెడుతుంది. ప్యూపాగా మారబోయే ముందు పైపొర దాకా గుండ్రటి దారి తొలిచి, చివర పలుచని పొర ఒక్కటి వదిలేస్తుంది. చిలుక దాన్ని తలతో నెట్టుకుని వచ్చేస్తుంది. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుంచి ఇక్కడి దాకా అయిదు వారాలు చాలు.

1760లో ఫ్రాన్సులోని ఆంగుమువా ప్రాంతంలో ఇది ధాన్యాన్ని గుల్ల చేస్తే, అక్కడి శాస్త్ర అకాడమీ దుహామెల్, టిల్లే అనే ఇద్దరు పండితులను పంపి పరిశీలన చేయించింది. ఇంగ్లీషులో నేటికీ దీనికి ఆ ప్రాంతం పేరే.

ఇది పొలంలో కోతకు ముందే వెన్నులపై గుడ్లు పెట్టగలదు. అందుకే కోసిన పంటను కళ్లంలో వదిలేయకుండా త్వరగా నూర్చి, తేమ 12 శాతానికి తగ్గేదాకా ఎండబెట్టాలి. చిలుక రాశి లోతుకు దిగలేదు కాబట్టి, గరిసెలో నష్టం ఎక్కువగా పైవరుసలకే. పరీక్షించాలన్నా ముందు పైగింజలే చూడండి, గుండ్రటి రంధ్రాలుంటే అనుమానమే అక్కర్లేదు.

ఇంత చెడ్డపేరున్న ఈ చిలుక గుడ్లకు పరిశోధనశాలల్లో గిరాకీ ఉంది. ట్రైకోగ్రామా అనే అతిచిన్న కందిరీగ ఇలాంటి గుడ్లలోనే తన గుడ్లు పెడుతుంది. మన దేశంలో ఈ కందిరీగలను పెంచడానికి ఎక్కువగా బియ్యపు చిలుక గుడ్లు వాడి, అట్టలకు అంటించి ట్రైకో కార్డులుగా ఇస్తారు. వరిలో కాండం తొలుచు పురుగు గుడ్ల మీదికి రైతు వదిలేది ఆ కందిరీగలనే.