కరోనా పోయింది, వడ్డీ పోలేదు

నమస్కారం అండి. మన రాష్ట్రంలో మొట్టమొదటి కరోనా కేసు 2020 మార్చిలో ఇక్కడే, నెల్లూరులోనే బయటపడింది. ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థికి. ఆ రోజు అందరం జబ్బు గురించే భయపడ్డాం, డబ్బు సంగతి ఎవరికీ తట్టలేదు. రెండు వారాలు తిరిగేసరికి, మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్.

చీమకుర్తి గ్రానైట్ క్వారీలు ఆగాయి. ఒంగోలులో పొగాకు వేలం ఆగింది. రొయ్యల ధర పడిపోయింది. కనిగిరి, మార్కాపురం వైపు నుంచి హైదరాబాద్‌కు పనికి పోయినవాళ్లు మూటాముల్లె సర్దుకుని ఇంటిదారి పట్టారు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. ఆ రోజుల్లో మనిషికి 5 కేజీల ఉచిత బియ్యం రాకపోయి ఉంటే ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగేది కాదో. రాష్ట్రం రేషన్ కార్డుకు 1,000 రూపాయలిచ్చింది, కేంద్రం ఆడవాళ్ల జన్‌ధన్ ఖాతాల్లో మూడు నెలలు 500 చొప్పున వేసింది. అది చిన్న సాయమేం కాదు.

కానీ ఇంటి అద్దె బియ్యంతో కట్టలేం కదా. గ్యాస్, కరెంటు, ముసలాళ్ల బీపీ మాత్రలు... పైగా బడులు మూసేసి పాఠాలు ఫోన్‌లో చెప్తున్నారని పిల్లాడికి ఒక ఫోన్. వీటన్నిటికీ అప్పే. ముందు చెవికమ్మలు తాకట్టుకు వెళ్లాయి. అవి అయిపోయాక చేబదులు, ఆ తర్వాత వడ్డీ.

ఒక్క లెక్క చెప్తాను, జాగ్రత్తగా వినండి. సెంటర్‌లో టిఫిన్ బండి పెట్టుకున్న ఒకామె మూడు రూపాయల వడ్డీకి 50,000 తెచ్చిందనుకుందాం. నూటికి నెలకు మూడు. అంటే నెలకు 1,500, ఏడాదికి 18,000. బండి నడవట్లేదు కాబట్టి ఉపాధి హామీ పనికి వెళ్లింది. ఆ ఏడాది మన దగ్గర రోజు కూలీ 237 రూపాయలు, అదీ కొలతల్లో తగ్గకుండా పడితే. 18,000కు 76 రోజులు మట్టి తవ్వాలి. పనేమో అప్పట్లో ఇంటి మొత్తానికి ఏడాదికి 100 రోజులే. అసలులో ఒక్క రూపాయి తీరకుండానే 76 రోజుల చెమట వడ్డీకి పోతోంది! ఈ లెక్క వేసిన రోజు నాకు నిద్ర పట్టలేదండి.

బ్యాంకు అప్పులకైతే రిజర్వ్ బ్యాంకు 2020 ఆగస్టు దాకా మారటోరియం, అంటే కిస్తీలు వాయిదా వేసుకునే వీలు, ఇచ్చింది. రోజూ ఇంటికొచ్చి వసూలు చేసుకునే తండల్ వ్యాపారికి ఎవరు చెప్తారు? ఆయన సాయంత్రానికి గుమ్మంలో ఉంటాడు.

2021లో సెకండ్ వేవ్ వచ్చింది. మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం జనం ఎలా తోసుకున్నారో మీరూ చూసే ఉంటారు. మూఢనమ్మకం అని చాలామంది తిట్టారు. నాకు అది సగమే నిజం అనిపిస్తుంది. అక్కడ మందు ఉచితం. ప్రైవేటు ఆసుపత్రిలో బెడ్ అంటే ఇంకో అప్పు. పాత అప్పే తీరనివాళ్లు ఆ క్యూలో నిలబడటంలో నాకు తెలివితక్కువతనం కనపడలేదు, భయం కనపడింది.

2020లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 7 కోట్ల మంది కొత్తగా కటిక పేదరికంలోకి జారారని ప్రపంచ బ్యాంకు అంచనా. మన దేశంలో అయితే 2011-12 తర్వాత కుటుంబాల ఖర్చుల సర్వే ఫలితాలు మళ్లీ వచ్చింది 2022-23 సర్వేకే. కరోనా రెండేళ్లూ ఆ మధ్యలోనే పడిపోయాయి. పైగా ఖర్చు చూసి పేదరికం కొలిస్తే, అప్పు తెచ్చి ఆసుపత్రికి కట్టినామె కూడా బాగా ఖర్చు పెట్టినట్టే కనపడుతుంది.

దూబగుంట ఆడవాళ్లు సారాను తరిమిన జిల్లా ఇది. ఆ ఉద్యమం తర్వాతే ఇక్కడ రోజుకో రూపాయి దాచే పొదుపు సంఘాలు ఊరూరా లేచాయి. అలా రూపాయి రూపాయి కూడబెట్టి చేయించుకున్న కమ్మలే చాలావరకు 2020లో తాకట్టుకు వెళ్లాయి. మీ వీధిలో ఎన్ని విడిపించుకున్నారు, ఎన్ని వేలానికి పోయాయి? ఈ రోజుకి మీ ఊళ్లో నూటికి ఎంత వడ్డీ నడుస్తోంది? కింద రాయండి. ఊరి పేరు, రేటు చాలు, మనుషుల పేర్లు వద్దు. వచ్చే వీడియోలో వాటిని మండలాలవారీగా చదువుతాను.