చట్టం ఉంది, కాగితం ఏదీ?

శ్రోతలకు నమస్కారం.

ప్రభుత్వ కార్యాలయంలోని కాగితాలు ప్రజలు చూడవచ్చని 1766లోనే స్వీడన్ చట్టం చేసింది. అమెరికా ఆ పని 1966లో, అంటే సరిగ్గా రెండు వందల ఏళ్ల తర్వాత చేసింది. ఇప్పుడు వందకు పైగా దేశాల్లో ఇలాంటి సమాచార హక్కు చట్టాలున్నాయి. అయినా దరఖాస్తు పెట్టినవారిని కదిపితే చాలామంది చెప్పేది ఒకటే: "అడిగానండీ, ఇంకా జవాబు రాలేదు."

ఎందుకు రాదు? కావాలని దాచిపెట్టే అధికారుల గురించి మనం తరచూ మాట్లాడుకుంటాం. వాళ్లు లేరని నేను అనను. కానీ నా దృష్టిలో అసలు చిక్కు రికార్డు గదిలో ఉంది. ఈ చట్టాలు సాధారణంగా ఉన్న సమాచారాన్ని ఇవ్వమంటాయి, లేనిదాన్ని కొత్తగా తయారుచేయమనవు. అందుకే "ఆ రికార్డు మా దగ్గర లేదు" అన్న ఒక్క వాక్యంతో దరఖాస్తు కథ ముగిసిపోతుంది. నిజంగానే లేదా, వెతకలేదా, ఎవరైనా తీసేశారా? అడిగినవారికి తెలిసే దారి ఉండదు.

బ్రిటన్ 2000లో చట్టం చేసినా, పౌరుల దరఖాస్తులు తీసుకోవడం 2005 జనవరిలో మొదలుపెట్టింది. కార్యాలయాలు సిద్ధం కావడానికి నాలుగేళ్లు పట్టింది. భారతదేశంలో 2005 జూన్‌లో వచ్చిన చట్టం అక్టోబరు 12 నాటికే పూర్తిగా అమల్లోకి వచ్చింది. త్వరగా రావడం మంచిదే. కానీ రికార్డులన్నింటికీ, ఏది ఎక్కడుందో చెప్పే సూచికలు ఉండాలని అదే చట్టంలోని 4వ సెక్షన్ చెబుతోంది. దశాబ్దాల కాగితాలకు నాలుగు నెలల్లో సూచికలు ఎలా తయారవుతాయి? ఆ పని చాలాచోట్ల ఇప్పటికీ పూర్తికాలేదు.

దీనికి తోడు ఇప్పుడు నిర్ణయాలు ఫోన్ మెసేజీల్లో జరిగిపోతున్నాయి. ఫైలు ఉంటే కనీసం అది ఎక్కడుందో వెతకమని అడగవచ్చు. చెరిపేసిన మెసేజీని ఎవరిని అడగాలి?

సమాచారం ఇవ్వాల్సిన అధికారి ఇబ్బంది కూడా చూడాలి. చాలాచోట్ల వారికి రోజూ చేయాల్సిన వేరే ఉద్యోగం ఉంటుంది, ఇది అదనపు పని. పైగా బయటపెట్టాల్సిన కాగితం మీద తమ పై అధికారి సంతకమే ఉంటే వారికి ఎంత టెన్షనో ఊహించండి.

అమెరికాలో గడువు 20 పనిదినాలు, భారతదేశంలో 30 రోజులు. మన దగ్గర గడువు దాటితే అప్పీలు, ఆపైన సమాచార కమిషన్, అక్కడ మళ్లీ ఎదురుచూపు. బిడ్డ స్కాలర్‌షిప్ ఎందుకు ఆగిందని అడిగిన తల్లికి రెండేళ్ల తర్వాత జవాబొస్తే, ఆగిపోయిన చదువు వెనక్కి వస్తుందా?

"రికార్డు లేదు" అని జవాబొస్తే ఊరుకోకండి. ఆ రికార్డును ఎన్నేళ్లు ఉంచాలన్న నిబంధన ఉందో అడగండి. తీసేశామంటే ఏ తేదీన, ఎవరి ఉత్తర్వుతో తీసేశారో ఆ కాగితం నకలు కోరండి.