ఈడీకి 37 ఇచ్చి గెలిచారు

అందరికీ నమస్కారం. వెనకాల నిల్చున్నవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, పిల్లలు కిందైనా కూర్చోవచ్చు. సమోసాలు అయిపోయాక వచ్చినవాళ్లకి నేనేం చేయలేను.

ముందు ఒక ప్రశ్న. ఇక్కడ పర్డ్యూ యూనివర్సిటీలో చదివినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి... అబ్బో. ఇండియానాలో తెలుగువాళ్ల మధ్య నిలబడి ఈ ప్రశ్న అడగడం నాదే బుద్ధి తక్కువ. సరే, ముందే సారీ చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇవాళ నేను మాట్లాడబోయే రెండు బాస్కెట్‌బాల్ మ్యాచ్‌ల్లోనూ ఓడింది మీరే.

నన్ను పిలిచిన అన్న ఫోన్లో ఏమన్నారంటే, "మా పిల్లలు స్కూల్ టీముల్లో ఆడుతున్నారు, కోచ్ మ్యాచ్ ముందు స్కౌటింగ్ రిపోర్ట్ అని ఎదుటి జట్టు గురించి ఏదో రాసి ఇస్తాడంట, వీళ్లు అది బ్యాగులో కుక్కేసి మర్చిపోతున్నారు, కాస్త వచ్చి చెప్పవయ్యా" అని. నేను కోచ్‌ని కాదు. ఎమ్మెస్ చదివే రోజుల్లో ఒక చిన్న కాలేజీ టీముకి వీడియో పని చేశా, అంటే ఎదుటి జట్టు మ్యాచ్‌లు చూసి, ముక్కలుగా కట్ చేసి, పేర్లు పెట్టి కోచ్‌ల ముందు పెట్టడం. రాత్రి రెండింటికి మ్యాగీ తింటూ వేరే ఊరి కుర్రాళ్లు ఏ చేత్తో డ్రిబుల్ చేస్తున్నారో రాసుకునేవాణ్ణి. మా అమ్మ వీడియో కాల్ చేసి చదువుతున్నావా నాన్నా అంటే చదువుతున్నా అమ్మా అనేవాణ్ణి, అబద్ధం కూడా కాదు కదా అది.

చాలామందికి తెలియని సంగతి ఒకటి. కాలేజీ బాస్కెట్‌బాల్లో, అంటే కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏలో, రాబోయే ప్రత్యర్థి ఆట చూడ్డానికి వాళ్ల జిమ్‌కి మనిషిని పంపడం మామూలుగా కుదరదు, రూల్ ఒప్పుకోదు, ఒకే చోట జరిగే టోర్నమెంట్ లాంటివి తప్ప. కాబట్టి ఉన్నదంతా వీడియోనే. ఇక మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంట్లో అయితే మరీ ఘోరం, గురువారం గెలిస్తే శనివారం మళ్లీ మ్యాచ్, మధ్యలో ఒక్క రోజు, ఆ ఒక్క రోజులో నువ్వు ఎప్పుడూ చూడని జట్టు గురించి పిల్లల బుర్రలోకి ఎంత ఎక్కించగలవు? అందుకే స్కౌటింగ్ అంటే అంతా తెలుసుకోవడం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఏది వాళ్లకి వదిలేయాలో తేల్చుకోవడం, అంతే. వదలకుండా ఉండటం అనేది లేదు. కోర్టులో ఐదుగురున్నారు, మన దగ్గరా ఐదుగురే, ఒకడి మీదకి ఇద్దరు వెళ్తే ఇంకెవడో ఖాళీ.

క్రికెట్ చూసేవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కెప్టెన్ కవర్స్ ఖాళీగా వదిలేసి ఆఫ్ స్పిన్నర్‌తో బయట వేయిస్తాడు, కొట్టుకో బాబూ డ్రైవ్ అని. రెండు ఫోర్లు పోతాయి, పోనీ. ఎక్కడ పోవాలో వాడు ముందే అనుకున్నాడు.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. జాక్ ఈడీ. ఈడీ అంటే మన దగ్గర పొద్దున్నే రెయిడ్‌కొచ్చే ఈడీ కాదు, ఈయన కెనడా మనిషి, 7 అడుగుల 4 అంగుళాలు, 300 పౌండ్లు, అంటే 136 కిలోలు. 2023, 2024 రెండేళ్లూ వరసగా దేశంలో బెస్ట్ కాలేజీ ప్లేయర్. రింగ్ దగ్గర బాల్ పట్టుకున్నాడంటే మీ సెంటర్, అంటే రింగ్ దగ్గర ఆడే పొడుగోడు, ఎగిరినా వాడి చేయి అందదు.

2023 మార్చి 17న ఒహాయోలో కొలంబస్‌లో, ఒకటో సీడ్ పర్డ్యూ మీద పదహారో సీడ్ ఫెయిర్లీ డికిన్సన్. సీడ్ అంటే బలాన్ని బట్టి ఇచ్చే నెంబర్, ఒకటి అన్నిటికన్నా పైన, పదహారు అన్నిటికన్నా కింద. న్యూజెర్సీ నుంచి వచ్చిన చిన్న కాలేజీ, కాలేజీల పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో అప్పుడున్న 363 జట్లలో అందరికన్నా పొట్టి జట్టు, సగటు ఎత్తు 6 అడుగుల 1 అంగుళం దగ్గర. రెండు రోజుల ముందే ఇంకో మ్యాచ్ గెలిచి వచ్చారు, ఆ రాత్రి లాకర్ రూమ్‌లోనే వాళ్ల కోచ్ టోబిన్ ఆండర్సన్ పర్డ్యూని చూసేకొద్దీ గెలవగలం అనిపిస్తోందని పిల్లలతో అన్నాడు, అది కెమెరాలో కూడా పడింది, జనం నవ్వారు. వాళ్లేం చేశారంటే ఈడీ ముందొకణ్ణి నిలబెట్టారు, వెనకొకణ్ణి నిలబెట్టారు, సాండ్‌విచ్‌లా. చీమలు పాముని చుట్టేసినట్టు. ముందువాడి వల్ల పాస్ నేరుగా రాదు, పైనుంచి లాబ్ వేస్తే వెనకవాడు రెడీగా ఉంటాడు. ఎన్‌బీఏలో అయితే మనిషిని కాయకుండా పెయింట్‌లో, అంటే రింగ్ కింద గీసిన పెట్టెలో, మూడు సెకన్లకి మించి నిలబడితే విజిల్ వేస్తారు, కాలేజీలో ఆ రూల్ లేదు, ఎంతసేపైనా అక్కడే కాపురం పెట్టొచ్చు. దీనికితోడు కోర్టు పొడవునా వెంటపడి, బాల్ నడిపే గార్డుల్ని ఊపిరి తీసుకోనివ్వలేదు.

మరి ఖాళీగా ఎవరు మిగిలారు? బయట షూటర్లు. కావాలనే వదిలేశారు. ఎందుకంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, అంటే త్రీలు, ఆ సీజన్లో పర్డ్యూకి పడింది 32 శాతం చుట్టూ, అంటే మామూలు కన్నా కిందే, పైగా బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్ ఇద్దరూ అప్పుడు ఫస్టియర్ పిల్లలు. ఆ రాత్రి పర్డ్యూ 26 త్రీలు వేసి 5 పెట్టింది. ఈడీకి 21 పాయింట్లు, 15 రీబౌండ్లు, అంటే పడకుండా వెనక్కొచ్చిన బాల్ పట్టుకోవడం, వచ్చాయి గానీ చివరి తొమ్మిది నిమిషాల్లో ఒక్క షాట్ కూడా వేయలేకపోయాడు. 63-58. మగవాళ్ల టోర్నమెంట్ చరిత్రలో పదహారో సీడ్ ఒకటో సీడ్‌ని ఓడించడం అది రెండోసారి, మొదటిది 2018లో వర్జీనియా మీద యూఎంబీసీ అనే కాలేజీ.

ఇంతవరకూ బాగుంది కదా. ఈడీని ఎలా ఆపాలో అందరికీ తెలిసిపోయింది అనుకుంటాం. ఇప్పుడు ఏడాది ముందుకి రండి. 2024 ఏప్రిల్ 8, అరిజోనాలో గ్లెండేల్, ఫైనల్, పర్డ్యూ మీద యూకాన్, అంటే కనెక్టికట్ యూనివర్సిటీ. అదే ఈడీ, అదే స్మిత్, అదే లోయర్. యూకాన్ కోచ్ డాన్ హర్లీ సరిగ్గా తిరగేసి ఆడించాడు. ఈడీ మీదకి సాయం లేదు. డోనవన్ క్లింగన్ అని 7 అడుగుల 2 అంగుళాల కుర్రాడు, వాడు అలసిపోతే శామ్సన్ జాన్సన్, ఎవరున్నా ఒక్కడే. మిగతావాళ్లు తమ షూటర్‌ని వదిలి లోపలికి అడుగు వేయడం లేదు. ఈడీ వేసుకుంటాడా, వేసుకోనీ.

వేసుకున్నాడు! 25 షాట్లలో 15 పెట్టాడు, 37 పాయింట్లు, 10 రీబౌండ్లు. పేపర్లో ఆ ఒక్క లైనే చూస్తే పర్డ్యూ గెలిచిందనుకుంటారు. స్కోరు 75-60, యూకాన్‌ది. మిగతా జట్టంతా కలిపి 23. త్రీలు? 7 వేసి 1. మ్యాచ్‌కి 20 దాకా వేసే జట్టు అది.

ఎందుకు తిరగేశాడు? ఎందుకంటే 2024 పర్డ్యూ వేరే జట్టు. పేర్లు అవే, కానీ ఆ ఏడాది వాళ్ల త్రీ పాయింట్ శాతం 40 దాటింది, దేశంలో రెండో స్థానం. ఫెయిర్లీ డికిన్సన్ రిపోర్ట్ జిరాక్స్ తీసి ఆడితే చచ్చేవాళ్లు. లెక్క వేద్దాం, పచ్చి లెక్కే అనుకోండి. 20 త్రీలు, 40 శాతం, అంటే 8 పడతాయి, 24 పాయింట్లు. ఆ రాత్రి త్రీల మీద వచ్చింది 3. అంటే 21 కోసేశారు. ఈడీ సీజన్ సగటు 25, ఆ రాత్రి 37, అంటే 12 ఎక్కువ ఇచ్చారు. 12 ఇచ్చి 21 తీసుకున్నారు. నిజానికి ఆ త్రీల బదులు ఇంకేవో షాట్లు వేసుకున్నారు కాబట్టి ఇంత శుభ్రంగా ఉండదు, అయినా బేరం ఎటు మొగ్గిందో తెలుస్తుంది కదా.

నాకు దీంట్లో నచ్చిందేంటంటే ఈడీ పదో బుట్ట వేసినా పదకొండో బుట్ట వేసినా యూకాన్ పిల్లలు కంగారుపడి లోపలికి పరిగెత్తలేదు. బెంచ్ మీదున్న కోచ్‌కి కూడా చేతులు దురద పెడతాయి అక్కడ, రెండో మనిషిని పంపి డబుల్ చేద్దామా అని. చాలా జట్లు ఓడేది అక్కడే, సగం డబుల్ చేస్తారు, సగం షూటర్‌ని చూస్తారు, రెండు పడవల మీద కాళ్లు, చివరికి ఈడీ కూడా వేస్తాడు, లోయర్ కూడా వేస్తాడు.

ఇక పిల్లలూ, మీరు వినండి. సినిమాలా బాల్ వెంట కళ్లు తిప్పితే మీకేమీ కనపడదు. ఒకే ఆటని మూడుసార్లు చూడాలి. మొదటిసారి ఎలాగూ బాల్ చూస్తారు, చూసేయండి, ఆ సరదా తీరిపోవాలి. రెండోసారి బాల్ లేని వైపు చూడండి. మూడోసారి స్క్రీన్ పెట్టేవాణ్ణే, అంటే కాసేవాడికి అడ్డంగా నిలబడి తనవాణ్ణి తప్పించేవాణ్ణే చూడండి, స్క్రీన్ పెట్టాక వాడెటు తిరిగాడు అని.

ఒక ఉదాహరణ. హార్న్స్ అనే ప్లే, అంటే ముందే అనుకున్న ఎత్తుగడ, ఉంది, ఇద్దరు పెద్దోళ్లు రింగ్ ఎదురుగా ఉండే ఫ్రీ త్రో లైన్ రెండు చివర్లా నిలబడతారు, ఇద్దరు షూటర్లు రెండు మూలల్లో, గార్డ్ మధ్యలో బాల్‌తో, ఎద్దు కొమ్ముల్లా ఉంటుంది. గార్డ్ కుడివైపు స్క్రీన్ వాడుకుని దూసుకొస్తాడు, మనందరం అటే చూస్తాం. అదే సమయంలో ఎడమవైపు పెద్దోడు మెల్లగా నడుచుకుంటూ వెళ్లి మూలలో ఉన్న షూటర్‌ని కాసేవాడికి వెనకనుంచి అడ్డం నిలబడతాడు. అసలు ప్లే అదీ. కుడివైపు హడావిడంతా మనల్ని బోల్తా కొట్టించడానికే. వీడియో అక్కడ ఆపితే ఆ షూటర్ పాదాలు అప్పటికే రింగ్ వైపు తిరిగి ఉంటాయి, బాల్ ఇంకా రాలేదు, కానీ వస్తుందని పాదాలకి తెలుసు. నేను రిపోర్ట్‌లో రాసేది ఆ పాదాల గురించే.

బాల్ స్క్రీన్‌ని, అంటే బాల్ ఉన్నవాడి కోసం పెట్టే స్క్రీన్‌ని, ఎలా కాయాలన్నది ఇంకో పెద్ద గొడవ. పెద్దోడు వెనక్కి తగ్గి రింగ్ దగ్గరే ఉంటే డ్రాప్, పైకొచ్చి గార్డ్‌ని అడ్డుకుని మళ్లీ పరిగెత్తితే హెడ్జ్, మనుషుల్ని మార్చుకుంటే స్విచ్. ఏది మంచిదని నన్ను అడగొద్దు, వాళ్ల గార్డ్ ఆగి షాట్ వేస్తాడా లేదా, మన పెద్దోడికి పరిగెత్తే కాళ్లున్నాయా లేవా, అది చెప్తే నేను చెప్తా. యూకాన్ ఆ రోజు డ్రాప్ ఆడింది, గార్డ్ స్క్రీన్ పైనుంచి పాకి స్మిత్ వెంటపడ్డాడు, క్లింగన్ కిందే ఉన్నాడు, ఇద్దరి మీద ఇద్దరు, మిగతా ముగ్గురు కదల్లేదు. కబడ్డీలో లాగే, కార్నర్ వాడు తొందరపడి పట్టుకోబోతే చైన్ మొత్తం తెగిపోతుంది.

నేను చేసిన వెధవ పని కూడా చెప్పేస్తా. మా జట్టు పేరు వద్దులెండి. ఒక మ్యాచ్‌కి పదకొండు పేజీల రిపోర్ట్ తయారుచేశా, రంగులు, బాణాలు, గ్రాఫులు, నాకే ముచ్చటేసింది. దాంట్లో వాళ్ల బెంచ్ కుర్రాడొకడి గురించి "షూటర్ కాదు, వదిలేయండి" అని రాశా, సీజన్ మొత్తం శాతం చూసి. వాడికి సీజన్ మొదట్లో మణికట్టు నొప్పి, నయమై నాలుగు వారాలైంది, ఆ నాలుగు వారాల వీడియో చూస్తే తెలిసేది, నేను అంకెలు చూసి ఊరుకున్నా. వాడొచ్చి నాలుగు త్రీలు కొట్టాడు, ప్రతిసారీ మా గార్డ్ నా రిపోర్ట్‌ని నమ్మి రెండడుగులు వెనక్కి నిలబడ్డాడు పాపం. మ్యాచ్ అయ్యాక ఆ గార్డ్ నన్నేమీ అనలేదు, కానీ తర్వాతి వారం వచ్చి, "బ్రో, ఈసారి నాకు పేజీలు వద్దు. నేను ఎవర్ని కాయాలి, వాడు ఏ చేతివైపు వెళ్తాడు, దగ్గరికి వెళ్లాలా దూరంగా ఉండాలా, అంతే చెప్పు" అన్నాడు.

అప్పట్నుంచి ఒక్క పేజీ. ఒక్కో ఆటగాడికి ఒక్క లైను. ప్లేలు ఐదో ఆరో, అంతకన్నా ఎక్కువ ఎవడికీ గుర్తుండదు. శాతాల్లో చివరి ఐదారు మ్యాచ్‌లవి వేరేగా. వీడియోలో సౌండ్ ఉంటే ఆన్ చేసి వింటా, వాళ్ల కోచ్ ఏం అరిచాక ఏ ప్లే వస్తుందో, గార్డ్ పిడికిలి చూపించాడా రెండు వేళ్లు చూపించాడా, అవి రాసి పెడితే మన బెంచ్ మీదవాళ్లు ప్లే మొదలవ్వకముందే అరవొచ్చు. కాలేజీలో షాట్ క్లాక్ 30 సెకన్లు, అంటే ఆలోపే షాట్ వేసేయాలి, అందులో మూడు సెకన్ల ముందు తెలిస్తే చాలా పెద్ద సాయం. తర్వాత ప్రాక్టీస్‌లో మన బెంచ్ పిల్లలే ఎదుటి జట్టు వేషం కట్టి ఆ ప్లేలు నెమ్మదిగా నడిచి చూపిస్తారు. వాళ్లకి చప్పట్లు రావు గానీ, మంచి స్కౌట్ టీమ్ ఉన్న జట్టుకీ లేని జట్టుకీ తేడా జనవరికల్లా కనపడుతుంది.

ఇక మాటలు చాలు. బ్రదర్, వెనక లైట్లు కాస్త ఆపుతారా? ఇవాళ నేను తెచ్చింది ఫైనల్లో నుంచి నాలుగు క్లిప్పులు. ఈడీ నెంబర్ 15, పైకి కనపడుతూనే ఉంటాడు, ఆయన్ని చూడకండి. ఎడమవైపు మూలలో ఒక పర్డ్యూ షూటర్, వాడి పక్కనే ఒక యూకాన్ కుర్రాడు, చేయి చాచితే తగిలేంత దూరంలో. బాల్ ఈడీ చేతికి వెళ్తుంది, స్టేడియం అంతా లేస్తుంది. ఆ యూకాన్ కుర్రాడి పాదాలు కదిలాయో లేదో చూసి నాకు చెప్పండి.