పీజీ చేసినోళ్ళకి గవర్నమెంట్ జాబ్స్: మీ టికెట్ ఏ బోగీదో ముందు చూస్కోండి

[కెమెరా ముందు. వెనక బోర్డు మీద ఒక రైలు బొమ్మ, రెండే బోగీలు.]

నమస్తే అందరికీ. ఇవాళ కొంచెం చిరాకుతోనే స్టార్ట్ చేస్తున్న, ఏమనుకోకండి. మన హన్మకొండల ఏ ఫంక్షన్‌కి పోయినా ఒక పెద్దమనిషి దొరుకుతడు, "ఎమ్మే చేసినవ్ గదా బిడ్డా, ఇగ గ్రూప్-1 నీకొక లెక్కనా" అంటడు. అదే సాయంత్రం కేయూ క్రాస్ దగ్గర చాయ్ బండి కాడ నిలబడితే ఇంకో అన్న తయారు, "పీజీ దండగ తమ్మీ, రెండేండ్లు పోయినయ్, అన్ని జాబ్స్‌కి డిగ్రీయే గదా అడిగేది" అని. ఒకాయన పీజీని ఆకాశానికి ఎత్తుతడు, ఇంకొకాయన మోరీల పడేస్తడు. ఇద్దరూ తప్పే. ఎందుకంటే ఇద్దర్ల ఒక్కరన్నా నోటిఫికేషన్ తెరిచి క్వాలిఫికేషన్ కాలమ్ చదివినోళ్ళు కాదు.

సరే, బోర్డు మీద రైలు చూడండి. కాజీపేట జంక్షన్, దసరా ముందు రోజు అనుకోండి. మీ చేతిల స్లీపర్ రిజర్వేషన్ టికెట్ ఉంది. (రిజర్వేషన్ అంటే రైల్వే రిజర్వేషన్, కోటా గురించి కాదు, కింద కామెంట్లల్ల కొట్లాట పెట్టకండి.) ఆ టికెట్ జేబుల పెట్టుకొని పోయి జనరల్ బోగీ ఎక్కితే ఏమైతది? లోపలున్నోళ్ళు మీ టికెట్ చూసి సీటు ఇయ్యరు. అందరితో పాటు తోసుకోవాల్సిందే. అదే టికెట్‌తోని స్లీపర్ బోగీ కాడికి పోతే సగం మంది ప్లాట్‌ఫామ్ మీదనే ఆగిపోతరు. వాళ్ళకి ఎక్కే హక్కే లేదు. పీజీ అంటే గా టికెట్. తప్పు బోగీల కాయితం ముక్క, సరైన బోగీల బెర్త్.

ముందు జనరల్ బోగీ సంగతి గబగబ చెప్పేస్త, ఇది మీకు తెల్సిందే. గ్రూప్-1, గ్రూప్-2, గ్రూప్-3, ఎస్‌ఎస్‌సీ సీజీఎల్, బ్యాంక్ పీవో, ఆఖరికి యూపీఎస్సీ సివిల్స్, అన్నిటికీ డిగ్రీ చాలు. పీజీకి అదనంగ ఒక్క మార్కు కలపరు, వెయిటేజ్ అనే ముచ్చటే లేదు. 2024 ఫిబ్రవరిల వచ్చిన గ్రూప్-1, 563 పోస్టులు, 4 లక్షల మంది పైన అప్లై చేసిన్రు. అండ్ల మీ ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఏం జేస్తది చెప్పండి? సివిల్స్ మెయిన్స్‌ల ఆప్షనల్ ఉంటది, రెండు పేపర్లు కలిపి 500 మార్కులు, అక్కడ పీజీల చదివింది కొంత అక్కరకొస్తది, అదీ ఆ సబ్జెక్టు ఆప్షనల్ లిస్టుల ఉంటేనే. మన గ్రూప్-1ల ఆ ఆప్షనల్ కూడా లేదు. రాయొద్దు అంటలేను, రాయండి. "నాకు పీజీ ఉంది" అనే ధైర్యంతో మాత్రం రాయకండి.

ఇప్పుడు రిజర్వ్‌డ్ బోగీ, అంటే పీజీ ఉంటేనే ఎక్కనిచ్చే జాబ్స్. ఇక్కడ నేను జెర నిదానంగ పోత.

[స్క్రీన్ మీద జేఎల్ నోటిఫికేషన్ పేజీ]

ఇది 2022 డిసెంబర్‌ల వచ్చిన జూనియర్ లెక్చరర్ నోటిఫికేషన్. 1,392 పోస్టులు. స్కేల్ 54,220 నుంచి 1,33,630. ఆ స్కేల్ చూసి ఆగకండి, కిందికి రండి, క్వాలిఫికేషన్ కాలమ్ మీద వేలు పెట్టండి. ఆ సబ్జెక్టుల పీజీ, 50 శాతం మార్కులు. అంతే. బీఈడీ అడగలే. నెట్ (లెక్చరర్ అర్హతకి పెట్టే నేషనల్ ఎలిజిబిలిటీ టెస్ట్) అడగలే. మన దగ్గర ఎంత మంది "అయ్యో నాకు బీఈడీ లేదు" అని అప్లై కూడా చెయ్యలేదో ఎరుకనా? టికెట్ చేతిల పట్టుకొని ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డట్టు. బండి పోయింది.

ఎగ్జామ్ ఎట్లుంటదంటే పేపర్-1 జనరల్ స్టడీస్ 150 మార్కులు, పేపర్-2 మీ సబ్జెక్టు, పీజీ లెవెల్ల, 300 మార్కులు. అంటే మూడింట్ల రెండొంతుల మార్కులు మీరు రెండేండ్లు చదివిన దాంట్లకెళ్ళే వస్తయ్. జనరల్ బోగీల ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసిన పిల్ల కూడా తెలంగాణ ఉద్యమ చరిత్ర తేదీలు బట్టీ కొట్టాలె, పాలిటీ ఆర్టికల్స్ బట్టీ కొట్టాలె, ఇక్కడ ఆ పిల్ల కెమిస్ట్రీయే ఆ పిల్లకి అన్నం పెడ్తది. గందుకే ఈ బోగీ అంటే నాకు ఇష్టం.

అయితే ఒకటి ఒప్పుకోవాలె, ఈ రైలు టైమ్‌కి రాదు. తెలంగాణ వచ్చినాక ప్రభుత్వ జూనియర్ కాలేజీలకి డైరెక్ట్ రిక్రూట్‌మెంట్ అదే మొదటిది. 2022 డిసెంబర్ నోటిఫికేషన్, పరీక్షలు 2023 సెప్టెంబర్‌ల, చేతికి ఆర్డర్లు వచ్చేసరికి 2025 మార్చి. రెండేండ్ల పైన. ఈలోపు ఇంట్ల వాళ్ళు సంబంధాలు చూస్తనే ఉంటరు, ప్రైవేట్ కాలేజీల పన్నెండు వేలకి పాఠాలు చెప్తనే ఉండాలె. బెర్త్ కన్ఫర్మ్ అయింది కానీ బండి ఘన్‌పూర్ అవతల సిగ్నల్ కాడ ఆగింది అన్నట్టు. కాబట్టి ఒక్క జేఎల్‌నే నమ్ముకొని కూసోకండి, ఇదే టికెట్ చెల్లే బోగీలు ఇంకా ఉన్నయ్.

డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీ, అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్. ఇక్కడ పీజీల 55 శాతం ఉండాలె, బీసీ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 50. ఆ మీద నెట్ గానీ సెట్ (నెట్ లాంటిదే, రాష్ట్రం పెట్టేది) గానీ కొట్టాలె. యూజీసీ స్కేల్‌ల స్టార్టింగ్ బేసిక్ 57,700. నెట్ సంవత్సరానికి రెండుసార్లు, జూన్ సైకిల్, డిసెంబర్ సైకిల్. పీజీ ఫైనలియర్‌ల ఉన్నోళ్ళు కూడా రాయొచ్చు. జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేటప్పుడు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) కావాలంటే 30 ఏండ్ల లోపల ఉండాలె, కేటగిరీని బట్టి సడలింపు ఉంటది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకైతే వయసుతోనే పని లేదు, నలభై ఐదేండ్ల అక్క కూడా రాయొచ్చు, రాస్తున్నరు కూడా. ఆ సర్టిఫికెట్‌కి ఎక్స్‌పైరీ లేదు. ఇట్లాంటి టికెట్ రైల్వేల కూడా దొరకదు.

పేపర్-1 అని 50 ప్రశ్నలుంటయ్, 100 మార్కులు, అన్ని సబ్జెక్టులోళ్ళకి ఒక్కటే. పేపర్-2 మీ సబ్జెక్టు, 100 ప్రశ్నలు, 200 మార్కులు. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదిలిపెట్టకండి. మన తెలుగు ఎమ్మే పిల్లలు పేపర్-2ల దుమ్ము లేపుతరు, నన్నయ నుంచి దిగంబర కవుల దాక అడిగింది అడిగినట్టు చెప్తరు, పేపర్-1ల డేటా ఇంటర్‌ప్రిటేషన్ టేబుల్ కనవడంగనే చెయ్యి ఆగిపోతది. ఐదే ప్రశ్నలు భయ్. శాతాలు, నిష్పత్తులు, పదో తరగతి లెక్కలు. రోజుకి అర్ధగంట కూసుంటే నెలల వచ్చేస్తయ్. దీనికోసం వేలకి వేలు కట్టి కోచింగ్ పోవడం నాకైతే అసలు నచ్చదు.

జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీల నెలకి 37,000, రెండేండ్ల తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. సైన్స్ వాళ్ళది సీఎస్‌ఐఆర్ నెట్, దాంట్ల మాత్రం నెగెటివ్ ఉంది, రెండూ ఒకటే అనుకొని పోయి ఆగం కాకండి. ఇగ సెట్ అంటే మన స్టేట్‌ది, ఉస్మానియా వాళ్ళు పెడ్తరు, అది మన రాష్ట్రంలనే చెల్లుతది. నెట్ అయితే కాజీపేట నుంచి ఢిల్లీ దాక, సెట్ అయితే సికింద్రాబాద్ దాకనే. కానీ మీకు పోవాల్సిందే సికింద్రాబాద్ దాక అయితే అది చాలు గదా, దాన్ని చిన్నగ చూడకండి.

ఇంకోటి, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీ ఉండాల్సిందే అని ఇంకా చెప్తున్నరు. 2023 జులై నుంచి యూజీసీ రూల్ మారింది, డైరెక్ట్ రిక్రూట్‌మెంట్‌కి నెట్, సెట్, స్లెట్ (అదీ రాష్ట్ర పరీక్షే), వీటిల ఏదో ఒకటి కనీస అర్హత. పాత వీడియోలు చూసి నిర్ణయాలు తీసుకోకండి.

బీఈడీ ఉన్నోళ్ళకి కేంద్రీయ విద్యాలయ, నవోదయ పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) పోస్టులు ఉన్నయ్, పీజీ ప్లస్ బీఈడీ అడుగుతరు. అది మీకు తెలుసు, ముందుకి పోత.

"అన్నా, పీజీ అంటే పంతులు ఉద్యోగమేనా?" అంటరా? కాదు. నాకు మస్తు ఇంట్రెస్ట్ ఉన్న పార్ట్ ఇదే, టైమేమో అయిపోతున్నది.

మన దిక్కు లైబ్రరీలల్ల ఒక సీన్ కామన్. ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌ల పీజీ చేసిన తమ్ముడు, టేబుల్ మీద బ్యాంక్ పీవో పుస్తకం, పక్కన రఫ్ నోట్‌బుక్, సీటింగ్ అరేంజ్‌మెంట్ పజిల్స్ గీస్తనే ఉంటడు, పేజీలకి పేజీలు. జనరల్ బోగీల తోసుకుంటున్నడు. అదే ఐబీపీఎస్ (బ్యాంకులకి పరీక్షలు పెట్టే సంస్థ) వాళ్ళు స్పెషలిస్ట్ ఆఫీసర్ల ఎగ్జామ్ పెడ్తరు. అండ్ల హెచ్‌ఆర్ ఆఫీసర్ పోస్టుకి రెండేండ్ల ఫుల్ టైమ్ పీజీ అడుగుతరు, పర్సనెల్ మేనేజ్‌మెంట్, ఇండస్ట్రియల్ రిలేషన్స్, హెచ్‌ఆర్, సోషల్ వర్క్, లేబర్ లా ఉన్నోళ్ళు అర్హులు. సోషల్ వర్క్ అని పేరు పెట్టి మరీ రాసిన్రు తమ్మీ! వయసు 20 నుంచి 30. రీజనింగ్ ఇక్కడ కూడా ఉంటది, అది తప్పదు, కానీ మెయిన్స్ మొత్తం మీ ప్రొఫెషనల్ నాలెడ్జే. హిందీ పీజీ వాళ్ళకి ఇదే ఎగ్జామ్‌ల రాజభాషా అధికారి ఉంది, డిగ్రీల ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగ చదివి ఉండాలె. హిందీ వాళ్ళకే ఎస్‌ఎస్‌సీల ట్రాన్స్‌లేటర్ పోస్టులు కూడా ఉన్నయ్, బేసిక్ 35,400, దానికి ట్రాన్స్‌లేషన్ డిప్లొమా గానీ ఆ పనిల అనుభవం గానీ అడుగుతరు. ఎమ్మే హిందీ చేసి "మాకు స్కోప్ లేదు" అంటే నేనైతే నమ్మ.

ఎకనామిక్స్ ఎమ్మే. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్, యూపీఎస్సీయే పెడ్తది. ఎకనామిక్స్, అప్లైడ్ ఎకనామిక్స్, బిజినెస్ ఎకనామిక్స్, ఎకనోమెట్రిక్స్, వీటిల పీజీ లేకపోతే గేటు కాడనే ఆపేస్తరు. వయసు 21 నుంచి 30. రాత పరీక్ష 1,000 మార్కులు, అండ్ల 800 ఎకనామిక్సే, ఆ మీద 200 ఇంటర్వ్యూ. పోస్టులు తక్కువ, పదుల్లనే. పేపర్లు ఇంగ్లిష్‌లనే రాయాలె, మన తెలుగు మీడియం పిల్లలకి దెబ్బ పడేది అక్కడనే, అందుకని ఎమ్మే ఫస్టియర్ నుంచే ఆన్సర్లు ఇంగ్లిష్‌ల రాసుడు అలవాటు చేసుకోండి. ఫైనల్ అయినాక చూద్దాం అంటే లేటైతది.

జియాలజీ వాళ్ళకి కంబైన్డ్ జియో-సైంటిస్ట్, ఇది కూడా యూపీఎస్సీయే. జియాలజీ, జియోఫిజిక్స్, హైడ్రోజియాలజీతో పాటు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్ళకి కూడా కెమిస్ట్ పోస్టులుంటయ్ దీంట్ల, ఇది చాలా మందికి తెల్వదు. 21 నుంచి 32 ఏండ్లు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, సెంట్రల్ గ్రౌండ్ వాటర్ బోర్డుల పోస్టింగ్. జీఎస్‌ఐ సదరన్ రీజియన్ హెడ్ ఆఫీస్ ఎక్కడో కాదు, హైదరాబాద్ బండ్లగూడల. భూపాలపల్లి, మంచిర్యాల, గోదావరిఖని పిల్లలు పుట్టిన కాన్నుంచి బొగ్గు చూసుకుంటనే పెరుగుతరు, జియాలజీ అంటే సింగరేణి తప్ప ఇంకోటి ఉందని చెప్పేటోడు లేడు వాళ్ళకి.

[టైమర్ చూసుకుంటూ] అరె, అయిపోయింది. ఫాస్ట్‌గ చెప్త.

డిగ్రీల మార్కులు తక్కువొచ్చినోళ్ళు, వినండి: ఆర్‌బీఐ గ్రేడ్-బీ జనరల్‌కి డిగ్రీల 60 శాతం కావాలె, లేకుంటే పీజీల 55 ఉన్నా చాలు. నాబార్డ్ గ్రేడ్-ఏల కూడా గిట్లనే. అంటే డిగ్రీల పోగొట్టుకున్న సీటు పీజీతోని మళ్ళ దొరికినట్టు. ఎస్సీ, ఎస్టీలకి ఇంకా సడలింపు.

ఎమ్మెస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ వాళ్ళు గేట్ (ఇంజినీరింగ్, సైన్స్ సబ్జెక్టులకి దేశమంతా పెట్టే పరీక్ష) రాయండి, గేట్ అంటే బీటెక్ వాళ్ళదే అనుకోకండి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ సైంటిస్ట్-బీ పోస్టులకి ఈ సబ్జెక్టుల్ల కూడా తీసుకుంటది, ఫస్ట్ క్లాస్ ఉండాలె.

డిస్టెన్స్‌ల చేసిన పీజీ చెల్లుతదా? యూజీసీ గుర్తింపు ఉన్న కోర్సైతే రెగ్యులర్‌తో సమానం, 2022ల యూజీసీ మళ్ళ స్పష్టంగ చెప్పింది. కాని ఇందాక బ్యాంక్ హెచ్‌ఆర్‌ల "ఫుల్ టైమ్" అన్నరు చూడండి, అట్ల నోటిఫికేషన్‌లనే రాస్తే అది వేరే లెక్క.

రిజల్ట్ ఎప్పటిలోగ రావాలె? ఒక్కోదాంట్ల ఒక్కో తేదీ ఉంటది, నోటిఫికేషన్ తేదీ నాటికి అని టీజీపీఎస్సీ (మన రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్) నోటిఫికేషన్లల్ల ఎక్కువ కనవడ్తది. ఎగ్జామ్ రాసేటప్పుడు ఎవ్వరూ అడగరు, సర్టిఫికెట్ వెరిఫికేషన్ల అడుగుతరు. టీటీఈ వచ్చేది బండి కదిలినాకనే.

1 నుంచి 7 దాక ఏ జిల్లాల చదివిన్రో స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి, లోకల్ దాని మీదనే తేలుస్తరు. చదివిన బడి మూతపడితే ఎంఈఓ ఆఫీస్ కాడికి పోవాలె, దానికి టైమ్ పడ్తది. టీజీపీఎస్సీ ఓటీఆర్ (వన్ టైమ్ రిజిస్ట్రేషన్)ల మీ పీజీ వివరాలు ఎక్కించిన్రా లేదా, అదీ చూడండి, చాలా మందిది డిగ్రీ కాన్నే ఆగిపోయి ఉంటది.

లైబ్రరీ సైన్స్, ఆర్కియాలజీ, ఎంసీఏ ఈ వీడియోల పట్టలే, నెక్స్ట్ దాంట్ల చెప్త. కింద మీ సబ్జెక్టు, మీ పర్సంటేజ్, మీ వయసు, ఈ మూడు రాయండి. "అన్నా నాకు ఏ జాబ్ వస్తది" అని మాత్రం రాయకండి, దానికి నా దగ్గర జవాబు లేదు. ఉంట మరి.