కుక్కలు, పిల్లుల శవపరీక్ష: విషమన్న అనుమానం, శరీరం చెప్పే సాక్ష్యం

సభకు నమస్కారం.

ఆరోగ్యంగా కనిపించిన కుక్క గానీ పిల్లి గానీ ఉన్నట్టుండి చనిపోయినప్పుడు మన ఇళ్లలో మొదట వినిపించే మాట "ఎవరో మందు పెట్టారు" అన్నదే. నోట్లో నురగ వచ్చిందనీ, నాలుక నీలంగా మారిందనీ, పొట్ట ఉబ్బిందనీ, ముక్కు వెంట నెత్తురు కారిందనీ చెబుతారు. ఆ నాలుగు గుర్తుల ఆధారంగానే పక్కింటివారి మీద అనుమానం మొదలవుతుంది, కొన్నిసార్లు పోలీసు స్టేషన్ దాకా వెళ్తుంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ దానంతటది విషాన్ని నిరూపించదు. విషం పెట్టి చంపడం మన దగ్గర జరగదని నేను అనడం లేదు, జరుగుతూనే ఉంది. అయితే దాన్ని రుజువు చేయాలన్నా, కాదని తేల్చాలన్నా శవపరీక్ష తప్ప మరో దారి లేదు. ఆ పరీక్షలో ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు అన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం.

ముందు ఆ నాలుగు గుర్తుల సంగతి చూద్దాం. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన ఏ మరణంలోనైనా, అది గుండె జబ్బు వల్ల కావచ్చు, వడదెబ్బ వల్ల కావచ్చు, ఆ నీరు గాలితో కలిసి నురగగా శ్వాసనాళంలోకి, అక్కడి నుంచి ముక్కులోకి, నోట్లోకి వస్తుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గితే నాలుక నీలం రంగుకు తిరుగుతుంది, కారణం ఏదైనా సరే. చనిపోయాక పేగుల్లోని సూక్ష్మజీవులు ఆగవు గనుక వాయువు పుట్టి పొట్ట ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి ముక్కు వెంట ఎర్రటి నీరు కారుతుంది. పొట్ట చర్మం మీద, కాలేయం అంచున కనిపించే ఆకుపచ్చ, నలుపు మచ్చలు చూసి చాలామంది భయపడతారు గానీ, అవి సూక్ష్మజీవులు విడుదల చేసిన హైడ్రోజన్ సల్ఫైడ్, రక్తంలోని ఇనుముతో కలవడం వల్ల ఏర్పడినవి. ప్రాణం పోయాక రక్తం బరువుకు కిందికి దిగుతుంది కాబట్టి, ఏ పక్కకు పడుకుని చనిపోయిందో ఆ పక్క ఊపిరితిత్తి నల్లగా, పై పక్కది లేతగా ఉంటుంది. దీన్ని న్యుమోనియాగా భ్రమపడడం చదువుకునే విద్యార్థులకే కాదు, తొందరలో ఉన్న డాక్టర్లకూ జరిగే పనే. మే నెలలో మన దగ్గర ఒక పెద్ద కుక్క శరీరం నీడలో ఉన్నా కొన్ని గంటల్లోనే కుళ్లడం మొదలుపెడుతుంది. దట్టమైన బొచ్చు, కొవ్వు లోపలి వేడిని బయటికి పోనివ్వవు. అందువల్ల శవపరీక్ష చేసే వ్యక్తి ముందుగా వేరు చేయవలసింది బతికుండగా జరిగినదాన్ని, చనిపోయాక జరిగినదాన్ని.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ కడుపు ఉబ్బు. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ వంటి లోతైన ఛాతీ గల పెద్ద జాతుల్లో జీర్ణకోశం వాయువుతో నిండి, తన చుట్టూ తాను మెలి తిరిగి, కొద్ది గంటల్లో ప్రాణం తీస్తుంది. రాత్రి అన్నం తిన్న కుక్క తెల్లవారేసరికి పొట్ట బిగుసుకుపోయి చనిపోయి ఉంటే, ఇంటివారు విషమే అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. పొట్ట కోసి చూసినప్పుడు బతికుండగా మెలిపడిన జీర్ణకోశం గోడ ముదురు ఎరుపు నుంచి నలుపు రంగులో, నెత్తురు నిండి ఉంటుంది. ప్లీహం ఉబ్బి, మడతపడి, ఎడమ వైపు ఉండవలసింది కుడి వైపుకు జరిగి ఉంటుంది. అన్నవాహిక జీర్ణకోశంలో కలిసే చోట వేలు పెట్టి తడిమితే తాడు మెలిక తగులుతుంది. చనిపోయాక ఉబ్బిన కడుపులో వాయువు అంతే ఉన్నా గోడ పాలిపోయి ఉంటుంది, ప్లీహం తన చోటు వదలదు, మెలిక ఉండదు. అందుకే పొట్ట తెరవగానే అవయవాలను చేతితో కదపకుండా, ఉన్నవి ఉన్నచోటే చూసి, ఫోటో తీసి, ఆ తర్వాతే బయటికి తీయాలని పదేపదే చెబుతాం. ఒకసారి లాగేస్తే ఆ మెలిక ఉందో లేదో చెప్పగలిగేవారు ఇంకెవరూ ఉండరు.

ఇక నిజంగా విషం పెట్టిన సందర్భాలు. మన పల్లెల్లో, పట్టణ శివార్లలో దొరికేవి మూడు రకాలు. పొలంలో చల్లే కార్బోఫ్యూరాన్ గుళికలు, 2020 చివర్లో నిషేధించేదాకా చల్లిన ఫోరేట్ గుళికలు మాంసంలో కలిపి పెడితే కుక్క చొంగ కార్చి, వణికి, ఊపిరాడక చనిపోతుంది. అవయవాల్లో ప్రత్యేకమైన మార్పేదీ ఉండదు, కానీ కడుపులో సగం అరిగిన మాంసం మధ్య గుళికలు కంటికే కనిపించవచ్చు, ఘాటైన పురుగుమందు వాసన వస్తుంది. రెండోది ఎలుకల కోసం పెట్టే జింక్ ఫాస్ఫైడ్ అనే నల్లటి పొడి. ఇది కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువుగా మారుతుంది. కుళ్లిన చేప వాసననో వెల్లుల్లి వాసననో పోలిన ఆ వాయువు కడుపు కోసే డాక్టరుకే ప్రమాదం కాబట్టి, అనుమానం ఉంటే గాలి ఆడే చోటే కోయాలి. మూడోది బ్రోమాడియోలోన్ వంటి, రక్తం గడ్డకట్టనివ్వని ఎలుకల మందు. ఇది తిన్న వెంటనే చంపదు. విటమిన్ కె పనిని అడ్డుకుని, మూడు నుంచి ఏడు రోజుల తర్వాత ఛాతీలోనో పొట్టలోనో కీళ్లలోనో నెత్తురు కారేలా చేస్తుంది. అప్పటికి కడుపులో మందు జాడ ఉండదు కాబట్టి పరీక్షకు కాలేయం పంపాలి. పైగా ఇలాంటి మరణంలో "నిన్న సాయంత్రం ఎవరో గేటు దగ్గర తిరిగారు" అనే సాక్ష్యానికి విలువే లేదు, ఎందుకంటే మందు తిన్నది అంతకు ఎన్నో రోజుల ముందు.

పొట్ట నిండా నెత్తురు ఉంటే అది ఎలుకల మందే అని తేల్చేయడం కూడా కుదరదు. గోమార్ల ద్వారా వచ్చే ఎర్లిషియా జ్వరం మన రాష్ట్రాల్లో చాలా ఎక్కువ. ముదిరిన జబ్బులో నెత్తురు గడ్డకట్టడానికి తోడ్పడే రక్తఫలకికలు పడిపోయి, చిగుళ్ల మీద, పొట్ట చర్మం మీద, పేగుల మీద ఎర్రటి చుక్కలు ఏర్పడతాయి, ప్లీహం పెరుగుతుంది, ఎముక మజ్జ పాలిపోతుంది. వయసు మీరిన జర్మన్ షెపర్డ్‌లో, లాబ్రడార్‌లో అయితే ప్లీహంలో పెరిగిన రక్తనాళాల క్యాన్సర్ గడ్డ పగిలి, ఉదయం నడిచి వచ్చిన కుక్క మధ్యాహ్నానికి కుప్పకూలుతుంది. అదే చోట క్యాన్సర్ కాని మామూలు రక్తపు గడ్డ కూడా కంటికి సరిగ్గా అలాగే ఉంటుంది. రెంటినీ వేరు చేయగలిగేది సూక్ష్మదర్శిని మాత్రమే, అందుకోసం ముక్కను, కుళ్లకుండా నిలిపి ఉంచే పది శాతం ఫార్మలిన్ ద్రావణంలో వేసి పంపాలి.

ఒకే ఇంట్లో కుక్కపిల్లలు ఒకదాని వెంట ఒకటి చనిపోయినా విషమనే అంటారు. అక్కడ మొదట వెతకవలసింది పార్వో. 1978లో ప్రపంచమంతటా ఒక్కసారిగా వ్యాపించిన ఈ వైరస్ పేగు గోడలో కొత్త కణాలు పుట్టే చోటునే నాశనం చేస్తుంది. చిన్నపేగు పై పొర గరుకు గాజులా మసకబారి ఎర్రగా కనిపిస్తుంది, లోపల నెత్తురు కలిసిన నీరు ఉంటుంది. చాలా చిన్న పిల్లల్లో ఈ వైరస్ గుండె కండరాన్నే పట్టి, విరేచనాలు లేకుండానే, పాలు తాగుతున్న పిల్లను హఠాత్తుగా చంపగలదు. గుండె మీద తెల్లటి చారలు కనిపిస్తే ఆ అనుమానం బలపడుతుంది. డిస్టెంపర్ అనే మరో వైరస్ జబ్బుతో ఫిట్స్ వచ్చి చనిపోయిన కుక్కను చూసినా మందు పెట్టారనే అనిపిస్తుంది. అందులో అవయవాలు పైకి మామూలుగానే ఉండవచ్చు గానీ, మూత్రాశయపు లోపలి పొరలోనో మెదడులోనో సూక్ష్మదర్శిని కింద గులాబీ రంగు చుక్కలు దొరుకుతాయి. ఈ రెండు జబ్బులకూ టీకాలు ఉన్నాయి.

పిల్లుల విషయం వేరు. అవి నొప్పిని దాచుకుంటాయి, జబ్బు చివరి దాకా తెలియదు. రోజంతా ఆడిన పిల్లి అర్ధరాత్రి గట్టిగా అరిచి, వెనక కాళ్లు చచ్చుబడి, గంటల్లో చనిపోతే, పామో మనిషో కారణమని అనుకుంటారు. తరచుగా కారణం గుండె కండరం మందం కావడం. ఎడమ గది గోడ పెరిగి గది ఇరుకైపోతుంది, దాని పై గది ఉబ్బి అందులో రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ జారి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళమైన బృహద్ధమని రెండు కాళ్లకూ చీలే చోట ఇరుక్కుంటుంది. ఆ చీలికను కత్తెరతో నెమ్మదిగా తెరిస్తే జీను వేసినట్టు రెండు శాఖల్లోకీ దిగిన ముదురు ఎరుపు గడ్డ కనిపిస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: చనిపోయాక గుండె కండరం బిగుసుకుంటుంది కాబట్టి ఆరోగ్యమైన గుండె గోడ కూడా మందంగా అనిపిస్తుంది. అందుకే గుండెను శుభ్రం చేసి తూకం వేస్తాం. మామూలు పిల్లిలో అది సాధారణంగా ఇరవై గ్రాములు దాటదు.

పిల్లులకు నిజమైన విషం చాలాసార్లు ఇంట్లోవారి చేతి నుంచే వస్తుంది. జ్వరంగా ఉందని ప్రేమతో పెట్టిన పారాసిటమాల్ మాత్ర దానికి ప్రాణాంతకం, ఎందుకంటే ఆ మందును విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. రక్తం చాక్లెట్ రంగుకు మారుతుంది, ముఖం, పాదాలు వాస్తాయి. కుక్కల గోమార్లకు వాడే పర్‌మెత్రిన్ చుక్కలు పిల్లి మెడ మీద వేసినా అంతే, వణుకు, ఫిట్స్, మరణం. ఇంట్లో వాడిన మందులన్నీ, సిగ్గుపడకుండా, డాక్టరుకు చెప్పాలని అడిగేది ఇందుకే.

చర్మం ఒలవకుండా చేసిన శవపరీక్ష సగం పరీక్షే. కారు గుద్దిన కుక్కకు బయట గీత కూడా ఉండకపోవచ్చు, చర్మం తీస్తే కింద నల్లటి కమిలిన గాయం, లోపల చీలిన కాలేయం, ఛాతీనీ పొట్టనూ వేరు చేసే ఉదరవితానం చిరిగి ఉండడం కనిపిస్తాయి. రక్తపింజర కాటులో కోరల గాట్లు బొచ్చులో దొరకవు, ఒలిచినప్పుడు కండరంలో పరుచుకున్న నెత్తురు వాపు దారి చూపిస్తుంది. కట్లపాము కాటులో మాత్రం ఆ వాపు కూడా ఉండదు.

కొన్ని మరణాల్లో ఎంత వెతికినా ఏమీ కనిపించదు. మత్తుమందు కింద ఆగిన గుండె అలాంటిది. 2008లో బ్రిటన్‌లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో మత్తు సంబంధిత మరణాలు కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతంగా తేలాయి. పిల్లుల్లో సగానికి పైగా మరణాలు ఆపరేషన్ అయిపోయాక జరిగినవే. ఇలాంటి కేసులో శవపరీక్ష చేసే పాథాలజిస్టు దాగిన గుండె జబ్బు ఉందో లేదో, లోపల రక్తస్రావం జరిగిందో లేదో చెప్పగలడు, డాక్టరు నిర్లక్ష్యం చేశాడో లేదో చెప్పలేడు. ఆ రెండో ప్రశ్నకు జవాబు కోసమే చాలామంది శవాన్ని తెస్తారు, నిరాశపడతారు.

రేబిస్ అనుమానం ఉన్న జంతువును మాత్రం మామూలుగా కోయకూడదు. కంటికి కనిపించే గుర్తేదీ ఉండదు. రేబిస్ సోకిన మెదడు కణాల్లో 1903లో అడెల్చి నెగ్రి అనే శాస్త్రవేత్త సూక్ష్మదర్శిని కింద కనుగొన్న చుక్కలు కొన్ని కేసుల్లో కనిపించవు కాబట్టి, నేడు మెదడు కాండం, చిన్న మెదడు ముక్కల మీద, వైరస్ ఉంటే వెలుగుతూ కనిపించేలా చేసే ఫ్లోరసెంట్ యాంటీబాడీ పరీక్ష చేస్తారు. ముందుగా టీకా వేయించుకున్నవారే, చేతి తొడుగులు, ముఖానికి కవచం వేసుకుని, రంపంతో పుర్రె కోయకుండా, తల వెనుక రంధ్రం నుంచి ప్లాస్టిక్ గొట్టం దూర్చి ఆ ముక్కలు తీసే పద్ధతి సురక్షితమైనది. ఆ కుక్క ఎవరినైనా కరిచి ఉంటే, ఫలితం కోసం ఆగకుండా వెంటనే టీకా మొదలుపెట్టాలి.

ఏ వయసులో దేనివల్ల చనిపోతాయన్న విషయంలో ఉత్తర అమెరికా పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో 1984 నుంచి 2004 దాకా నమోదైన డెబ్బై వేలకు పైగా కుక్కల మరణాలను పరిశీలించిన అధ్యయనం 2011లో వచ్చింది. చిన్న వయసులో అంటువ్యాధులు, గాయాలు, ముసలితనంలో క్యాన్సర్, గోల్డెన్ రిట్రీవర్, బాక్సర్ జాతుల్లో క్యాన్సర్ మరీ ఎక్కువ. అవి ఆసుపత్రికి వచ్చిన కుక్కలు. మన వీధి కుక్క ఆ లెక్కలో లేదు, దాన్ని ఏ ఆసుపత్రికీ ఎవరూ తేరు.

చివరగా ఆచరణకు సంబంధించిన మాట. శరీరాన్ని ఫ్రీజర్‌లో పెట్టకండి, గడ్డకడితే కణాలు పగిలి సూక్ష్మదర్శినికి పనికిరాకుండా పోతాయి. ప్లాస్టిక్ కవరులో చుట్టి, చుట్టూ ఐసు పెట్టి, వీలైనంత త్వరగా, అదే రోజు తీసుకెళ్లండి. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వంటి చోట్ల పశువైద్య కళాశాలలు ఉన్నాయి, వాటిలో పాథాలజీ విభాగాలు ఉన్నాయి. విషం పెట్టారన్న అనుమానం ఉంటే కోయడానికి ముందే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. జంతువును చంపడం, విషం పెట్టడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడగల నేరం. ఆ కేసు నిలబడాలంటే పోలీసుల లేఖ మీద డాక్టరు కడుపును అందులోని పదార్థంతో సహా, పేగు, కాలేయం, మూత్రపిండం ముక్కలను వేరువేరు సీసాల్లో ఉప్పు ద్రావణంలో వేసి, సీలు వేసి, ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపాలి. ఫార్మలిన్‌లో వేసిన ముక్క విష పరీక్షకు పనికిరాదు, ఉప్పు ద్రావణంలో వేసినది సూక్ష్మదర్శినికి పనికిరాదు, కాబట్టి రెండూ తీయాలి. తోటలో పాతిపెట్టి, వారం తర్వాత అనుమానం వచ్చి తవ్వి తీసుకొచ్చిన శరీరంలో ఎముక విరిగిందో లేదో మాత్రమే నమ్మకంగా చెప్పగలం.