ముల్లు ఎంత చూపిస్తోంది? 108 ఫీల్డ్ సూపర్‌వైజర్ పని

(దృశ్యం: తిరుపతి, అలిపిరి. పొద్దున 7.40. రోడ్డు పక్కన 108 బండి, వెనక తలుపులు తీసి ఉన్నాయి. వెనకాల కొండ.)

నమస్కారమండి. ఈ బండి మీకు కొత్తేం కాదు. 2005 ఆగస్టు 15న, ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. ఇందులో ఇద్దరుంటారు. స్టీరింగ్ పట్టుకునే మనిషిని మేం డ్రైవర్ అనం, పైలట్ అంటాం. వెనక పేషెంట్ పక్కన కూర్చునేది ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. మూడో మనిషి ఒకడున్నాడు, బండిలో కనపడడు. అది నేను, ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. ఒకప్పుడు ఈఎంటీగా ఆ వెనక సీట్లోనే తిరిగా. ఇప్పుడు కొన్ని బండ్లు నా కింద ఉన్నాయి.

"సంతకాలు పెట్టే ఉద్యోగమేగా?" అని మా బావ ఎగతాళి చేస్తుంటాడు. సంతకాలూ ఉంటాయి, కాదనను. అసలు పని చూపిస్తా, కెమెరా కొంచెం లోపలికి తీసుకురండి.

(దృశ్యం: దగ్గరగా, ఆక్సిజన్ సిలిండర్ గేజ్. ముల్లు 100 మీద ఉంది.)

ఇది బి టైప్ సిలిండర్. ఖాళీ సిలిండర్‌లో నీళ్లు పోస్తే సుమారు 10 లీటర్లు పడతాయి. నిండుగా ఉన్నప్పుడు ముల్లు 150 దగ్గర ఉంటుంది, అంటే లోపలి ఒత్తిడి 150 బార్. పదిని నూట యాభైతో గుణించండి, 1500 లీటర్ల ఆక్సిజన్. ఇప్పుడు ముల్లు 100 మీద ఉంది కాబట్టి 1000 లీటర్లు. ఊపిరి ఆడని మనిషికి మాస్క్ పెట్టి నిమిషానికి 10 లీటర్లు వదిలామనుకోండి, 100 నిమిషాలు వస్తుంది. గమనించారా? ఫ్లో 10 మీద ఉంటే, ముల్లు ఎంత చూపిస్తే అన్ని నిమిషాలు. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదటి రోజు చెప్పే లెక్క ఇదే. 15 మీద పెడితే అందులో మూడింట రెండు వంతులే. పైగా అడుగంటేదాకా వాడం. 20కి రాకముందే మార్చేస్తాం. అంటే ఇప్పుడు ఈ బండి చేతిలో ఉన్నది 80 నిమిషాలు.

తిరుపతి టౌన్‌లో 80 నిమిషాలంటే బోలెడు. ఇక్కణ్ణుంచి రుయా, స్విమ్స్ పెద్దాసుపత్రులకి ఎంతసేపు? అదే కుప్పం నుంచి పేషెంట్‌ని తిరుపతికి మార్చాలనుకోండి, మూడు గంటల పైమాటే. ఈ సిలిండర్ పలమనేరు చుట్టుపక్కలే అయిపోతుంది. అందుకే రెండోది ఉందా అని చూస్తాను. దాన్ని తిప్పే కీ ఉందా అనీ చూస్తాను. నవ్వకండి. నిండు సిలిండర్ ఉండి, కీ పక్క బండిలో ఉండిపోయిన సందర్భాలు నాకు తెలుసు.

(దృశ్యం: సక్షన్ మెషీన్ స్విచ్ నొక్కుతున్న చెయ్యి. మోటార్ చప్పుడు.)

ఇది సక్షన్ మెషీన్, పేషెంట్ నోట్లో చేరినదాన్ని బయటికి లాగేస్తుంది. ఈ చప్పుడు వినకుండా నేను సంతకం పెట్టను. ఎందుకో చెప్తా, నా తప్పే.

చేరిన కొత్తలో ఒకరోజు ఐదు బండ్లు చూడాలి, టైం లేదు. ఒక బండిలో సక్షన్ మెషీన్ ఉంది కదా అని చెక్‌లిస్టులో టిక్కు పెట్టేశా. స్విచ్ వెయ్యలేదు. ఆ రాత్రే పురుగుల మందు కేసు వచ్చింది. పురుగుల మందు తాగిన మనిషికి నోట్లోంచి నురగ, లాలాజలం ఆగకుండా వస్తుంటాయి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఆక్సిజన్ ఎంత పెట్టినా లాభం లేదు, ముందు నోరు ఖాళీ చెయ్యాలి. ఈఎంటీ స్విచ్ నొక్కితే మెషీన్ పలకలేదు. బ్యాటరీ డెడ్. ఆ అమ్మాయి పేషెంట్‌ని పక్కకు తిప్పి, కాలితో తొక్కే పంపు తీసి, దారి పొడుగునా తొక్కుతూనే ఉంది. మనిషి బతికాడు. మర్నాడు ఆమె నా మీద అరవలేదు. చెక్‌లిస్టు కాగితం నా ముందు పెట్టి, "సార్, సంతకం మీదే కదా" అంది. అంతే.

(దృశ్యం: మ్యాప్. అలిపిరి నుంచి తిరుమలకు రెండు ఘాట్ రోడ్లు, మధ్యలో నడకదారి.)

ఏ బండి ఎక్కడ నిలబెట్టాలన్నది ఇంకో పని. దగ్గర, దూరం అంటే మ్యాప్ మీద గీత కాదు. కొండనే తీసుకోండి. మెట్ల మీదికి ఏ బండీ రాదు. అలిపిరి నడకదారి ఏడో మైలు, మోకాళ్ల మెట్టు దగ్గర మొదటి ఘాట్ రోడ్డు పక్కకు వస్తుంది. 1944 నాటి ఆ పాత రోడ్డు ఇప్పుడు కిందికి దిగడానికే. ఎక్కడానికి 1974లో వేసిన రెండోది. కాబట్టి మోకాళ్ల మెట్టు దగ్గర గుండె పట్టుకుని కూర్చున్న పెద్దాయనకు, కిందున్న బండి కంటే పైనుంచి దిగి వచ్చే బండే దగ్గర. ఫోన్ చేసేవాళ్లు "మెట్ల దారిలో" అంటే చాలదు. గాలిగోపురం దాటారా, ఏడో మైలు వచ్చిందా, అది చెప్పండి.

మైదానంలో ఇంకో తలనొప్పి. చంద్రగిరి బండి పేషెంట్‌ని తీసుకుని తిరుపతి వచ్చిందంటే, అక్కణ్ణుంచి భాకరాపేట ఘాట్ దాకా రోడ్డు మీద మా బండి ఉండదు. అప్పుడు పాకాల వైపు బండిని కాస్త ఇటు జరపమంటాను. "మా ఊరి బండిని ఎందుకు తీసుకుపోతున్నారు?" అని అక్కడివాళ్లు గొడవ. వాళ్ల బాధ వాళ్లది. ఇక ఆసుపత్రిలో మంచం దొరక్క మా స్ట్రెచర్ మీదే పేషెంట్ గంటసేపు ఉండిపోతే, బండి ఉండీ లేనట్టే. అలాంటప్పుడు నేనే వెళ్లి క్యాజువాలిటీలో నిలబడతా. బతిమాలడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే, ఎక్కడా రాసి ఉండదంతే.

బతిమాలడమంటే గుర్తొచ్చింది, పుత్తూరు కట్టు. మన జిల్లాల్లో ఎముక విరిగిందంటే ముందు నోట్లోంచి వచ్చే మాట అదే కదా. బైక్ మీంచి పడి తొడ ఎముక విరిగిన కుర్రాడి చుట్టూ చేరి, "అన్నా, బండి పుత్తూరుకు పోనీ" అంటారు. అక్కడ వాదన పెట్టుకోవద్దని మా వాళ్లకు చెప్తా. తొడ ఎముక విరిగితే లోపల్లోపలే లీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ రక్తం పోవచ్చు. బయటికి చుక్క కనపడదు. ఇంటివాళ్లలో పెద్దావిడ ఎవరో చూసి, "అమ్మా, చెయ్యి పట్టుకుని చూడండి, ఎంత చల్లగా ఉందో. ముందు రక్తం సంగతి చూద్దాం, ఎముక ఎక్కడికీ పోదు" అంటే వింటారు. కాలు కదలకుండా స్ప్లింట్ కట్టి, పెద్దాసుపత్రికే తీసుకెళ్తాం.

అంబులెన్స్‌కి దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా అని మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చారు, తెలుసుకోండి. నేను మాత్రం ఇంతవరకు ఎవరిమీదా ఫిర్యాదు చెయ్యలేదు, ఆగి నంబరు రాసుకునే టైం ఎక్కడిది!

ఈ ఉద్యోగానికి ఏం చదవాలని చాలామంది అడుగుతున్నారు. లైఫ్ సైన్సెస్‌లో బీఎస్సీ, నర్సింగ్, పారామెడికల్ కోర్సులు చేసినవాళ్లు ఈఎంటీలుగా వస్తారు. వాళ్లలోంచే సూపర్‌వైజర్లు. దాని మీద విడిగా వీడియో చేస్తా.

(దృశ్యం: బండి వెనక భాగం. బకెట్, చీపురు, తడిసిన నేల.)

చివరిగా ఇది. పసిపిల్లల కేసు చెయ్యిజారిన రోజు, ఈఎంటీ ఏం మాట్లాడడు. పైలట్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుంటాడు. ఎలా ఉన్నావని అడిగితే "బానే ఉన్నా సార్" అంటాడు. అందుకే అడగను. బండి కడగాలి, ఇరవై నిమిషాలు కావాలని కంట్రోల్ రూమ్‌కి చెప్తా. లోపల మరక ఉండదు. అయినా ముగ్గురం బకెట్లతో నీళ్లు తెచ్చి కడుగుతాం.